కెమెరాకు వైర్ రిమోట్ ఇంట్లనే చేసుకునుడు ఎట్ల: మూడు వైర్లు, రెండు బటన్లు

సద్దుల బతుకమ్మ రాత్రి హన్మకొండ పద్మాక్షి గుండం కాడ తీసిన ఫోటో చూసినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న, అన్నా రెండు సెకన్ల ఎక్స్‌పోజర్‌ల కూడా గట్టు మీది మెట్లు ఇంత షార్ప్‌గ ఎట్ల వచ్చినయ్, ఏ రిమోట్ వాడినవ్ అని. కొన్న రిమోట్ కాదు, ఇంట్ల చేసుకున్నదే. ఒక్కొక్కళ్ళకు ఫోన్ల చెప్తుంటే ప్రతిసారి ఏదో ఒకటి మర్చిపోతున్న, అందులో ఎక్కువ మర్చిపోయేది చెకింగ్ గురించి, మీరు చేసిన రిమోట్లు ఫెయిలయ్యేది కూడా సరిగ్గ ఆ చెకింగ్ కాడనే. అందుకే మొత్తం ఒక్క కాడ రాస్తున్న. జర నిదానంగ మొత్తం చదివి, ఆ తర్వాతనే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గుల పెట్టండి.

ముందుగాల ఒక మాట. చెయ్యి తగిలి ఫోటో షేక్ అయితుంది, అదొక్కటే మీ బాధ అయితే రిమోటే అక్కర్లేదు, కెమెరాల 2 సెకన్ల టైమర్ పెట్టుకోండి, సరిపోతది. రిమోట్ నిజంగ కావాల్సింది మూడింటికి: 30 సెకన్ల కంటె ఎక్కువ షటర్ (వెలుగు లోపలికి పోనిచ్చే తెర) తెరిచి పెట్టే బల్బ్ మోడ్‌కు, సరిగ్గ ఆ క్షణానికే కొట్టాల్సిన ఫోటోలకు (టైమర్ రెండు సెకన్లు ఆగేలోపు పిల్లగాడు మొఖం తిప్పుకుంటడు), ఇంకా ఒకటెనక ఒకటి వందల ఫోటోలు తీసి నక్షత్రాల దారి గీతలుగ చూపెట్టే స్టార్ ట్రెయిల్స్‌కు.

థియరీ ఇంతే ఉంది. కెమెరా షటర్ బటన్ కింద రెండు స్విచ్‌లు ఉంటయ్, సగం నొక్కితే ఒకటి కలిసి ఫోకస్ చేస్తది, మొత్తం నొక్కితే రెండోది కలిసి ఫోటో పడ్తది. రిమోట్ సాకెట్ కూడా ఆ రెండింటి వైర్లనే బయటికి ఇస్తది, వాటితో పాటు ఒక కామన్ వైరు. ఫోకస్ వైరును కామన్‌కు తాకిస్తే హాఫ్ ప్రెస్, షటర్ వైరును కామన్‌కు తాకిస్తే క్లిక్. రిమోట్‌ల బ్యాటరీ ఉండదు, ఐసీ (చిప్) ఉండదు.

మీ కెమెరా ఏ రకమో ముందు చూసుకోండి

సామాను కొనకముందే ఇది తేల్చుకోవాలె, లేకపోతే పైసలు దండగ.

కెనాన్‌ల 700డీ, 750డీ, 1300డీ, 1500డీ, 200డీ, 70డీ, 80డీ, 90డీ, ఇంకా మిర్రర్‌లెస్ ఆర్‌పీ, వీటన్నిటికి పక్కన రబ్బరు మూత కింద 2.5 ఎంఎం సాకెట్ ఉంటది. చూడనీకి ఇయర్‌ఫోన్ సాకెట్ లెక్కనే ఉంటది గాని సన్నగ. చాల పెంటాక్స్ డీఎస్ఎల్ఆర్‌లకు కూడా ఇదే పిన్ను నడుస్తది. ఇంట్ల చేసుకునేటోళ్ళకు అన్నిటికంటె సులువైన రకం ఇది, కింద నేను చెప్పే స్టెప్పులు దీని మీదనే.

కెనాన్ 5డీ మార్క్ 2, 3, 4, 6డీ, 7డీలకు ఎన్3 అనే మూడు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటది. నికాన్‌ల డీ5300, డీ5600, డీ7500, డీ750, జెడ్6, జెడ్7లకు డీసీ2 అనే చిన్న సాకెట్, డీ700, డీ800, డీ850, డీ500లకు 10 పిన్నుల గుండ్రటిది. ఈ పిన్నులు విడిగ మన షాపులల్ల దొరకవు, ఇంట్ల తయారు చేయనీకి రాదు. కానీ రిమోట్ బాక్స్ మీరే చేసుకొని, కెమెరా వైపు కేబుల్ ఒక్కటి తయారుది కొనుక్కోవచ్చు, అదెట్లనో కింద చెప్త.

సోనీ ఏ6000, ఏ7 లాంటి వాటికి మల్టీ టర్మినల్ ఉంటది, దానిక్కూడా కేబుల్ కొనుడే. పానాసోనిక్ వాటికి 2.5 ఎంఎం సాకెట్ ఉంటది గాని లోపల లెక్క వేరు, నాలుగు భాగాల పిన్ను, రెసిస్టర్లతోని నడుస్తది, దానికి ఈ పద్ధతి పని చేయదు. నికాన్ డీ3400, డీ3500ల, కెనాన్ ఎం50ల వైర్ రిమోట్ సాకెట్ అసలుకే లేదు, ఎంత వెతికినా దొరకది.

ఇంకో జాగ్రత్త, 200డీ లాంటి వాటికి పక్కపక్కనే రెండు రంధ్రాలు ఉంటయ్. పెద్దది 3.5 ఎంఎం, అది మైక్ కోసం. సన్నది రిమోట్. మైక్ దాంట్ల రిమోట్ పెట్టి "అన్నా పని చేస్తలేదు" అని ఫోన్ చేసినోళ్ళు ఇప్పటికి ముగ్గురున్నరు.

కావాల్సిన సామాను

- 2.5 ఎంఎం స్టీరియో పిన్ను ఒకటి, వీలైతే రెండు తెచ్చుకోండి, మొదటిది కాల్చేసుకునే అవకాశం ఉంది. పిన్ను మీద రెండు నల్ల గీతలు ఉండాలె. ఒక్క గీత ఉంటే అది మోనో, వద్దు. మూడు గీతలుంటే నాలుగు భాగాలది, అది కూడ వద్దు.
- మూడు వైర్లున్న మెత్తటి కేబుల్ మీటరున్నర. స్టీరియో షీల్డ్ వైర్ అని అడిగితే ఇస్తరు, లోపల ఎరుపు తెలుపు రెండు వైర్లు, చుట్టూ జడ లెక్క అల్లిన రాగి ఉంటది.
- పుష్ బటన్లు రెండు, నొక్కితేనే కలిసే రకం. ఫోకస్‌కు ఒక రంగు, షటర్‌కు ఇంకో రంగు తీసుకుంటే చీకట్ల కాకపోయినా పగలన్నా తికమక ఉండది.
- చిన్న టోగుల్ స్విచ్ (ఆన్ చేస్తే ఆన్ అయ్యే ఉండేది) ఒకటి, బల్బ్ లాక్ కోసం, అంటే షటర్ తెరిచే ఉంచనీకి.
- ఒక డబ్బా. నాకు అన్నిటికంటె నచ్చింది పాత 35 ఎంఎం ఫిల్మ్ డబ్బా, చేతిల సరిగ్గ పడ్తది, మూత గట్టిగ బిగుస్తది. మీ ఊర్ల పాత స్టూడియో ఉంటే పోయి అడగండి, మూలకు ఏ అట్టపెట్టెలనో ఉంటయ్, ఊకనే ఇస్తరు.
- 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్న లెడ్ (సోల్డర్ తీగ), సోల్డర్ పేస్ట్, హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే ముడుచుకొని జాయింటును పట్టుకునే గొట్టం) అరమీటరు.
- మల్టీమీటర్, బజర్ (రెండు కొసలు కలిసి ఉంటే మోగేది) ఉన్నది. ఇది లేకుండ మాత్రం పని మొదలు పెట్టకండి. చౌకది సరిపోతది, దోస్తు దగ్గర అడుక్కొచ్చినా సరే.

ఇవన్ని వరంగల్, హన్మకొండల టీవీ, యాంప్లిఫైయర్ స్పేర్ పార్ట్స్ అమ్మే షాపులల్లనే దొరుకుతయ్, ఒక్క 2.5 ఎంఎం పిన్ను కోసం మాత్రం రెండు మూడు షాపులు తిరగాల్సి వస్తది, ఎందుకంటే ఇప్పుడు ఎవ్వలు పెద్దగ వాడుతలేరు. హైదరాబాద్ పోయేది ఉంటే కోఠి గుజరాతీ గల్లీల అన్నీ ఒక్క కాడ చూడొచ్చు. షాపుల "ఇయర్‌ఫోన్ పిన్" అని అడిగితే 3.5 ఎంఎంది చేతిల పెడ్తరు, అందుకే "సన్న పిన్ను, రెండున్నర ఎంఎం, స్టీరియో" అని మూడు ముక్కలు ఒకేసారి చెప్పండి, ఇచ్చినంక అక్కడనే పెద్ద పిన్ను పక్కన పెట్టి చూసుకోండి.

పాత ఇయర్‌ఫోన్ వైరు వాడొచ్చా అని చాల మంది అడుగుతరు. వాడొచ్చు గాని దాని కొసలు జర సతాయిస్తయ్. ఇయర్‌ఫోన్ వైరు కోస్తే లోపల వెంట్రుకలంత సన్న తీగలు, కొన్ని ఎర్రగ, కొన్ని ఆకుపచ్చగ, కొన్ని బంగారు రంగుల ఉంటయ్, మధ్యల తెల్లటి దారం ఒకటి. ఆ రంగు అంటే రంగు కాదు, అది వార్నిష్ పూత, కరెంటును ఆపుతది. పూత పోయేదాక లెడ్ అంటదు, అంటినట్టు కనపడ్డా లోపల కలవది. లైటర్ మంట అంచుకు ఒక్క సెకను చూపెట్టి తీయండి, దారం కాలిపోతది, పూత నల్లబడ్తది, ఆ తర్వాత గోరుతోని గాని సన్న ఎమరీ పేపర్‌తోని గాని మెల్లగ గీకితే ఎర్రటి రాగి కనపడ్తది. రాగి కనపడ్డంకనే పేస్ట్ పెట్టి లెడ్ పట్టించండి. ఇంట్ల పడున్న లాన్ కేబుల్ మాత్రం వాడకండి, చాల వాటి లోపల ఒంటి తీగ ఉంటది, నాలుగు సార్లు వంగితే పుటుక్కున తెగుతది.

ఇగ పని మొదలు పెడదాం

1. పిన్ను విప్పి లోపల ఏ కాలు దేనికి పోతుందో రాసుకోండి. పిన్ను బయట మూడు భాగాలు కనపడ్తయ్: కొన, నడిమి రింగు, మొదలు. కెనాన్‌ల కొన అంటే షటర్, నడిమి రింగు అంటే ఫోకస్, మొదలు అంటే కామన్. లోపల సోల్డర్ చేసే కాళ్ళు కూడా మూడే, వైరును పట్టుకునే పొడుగు రేకు ఉన్నది మామూలుగ మొదలుకు పోతది, మిగిలిన రెండు ఏది దేనికో పిన్ను పిన్నుకు మారుతది కాబట్టి ఊహించకండి. మల్టీమీటర్ బజర్‌ల పెట్టి ఒక కడ్డీ కొనకు, ఇంకోటి కాలుకు తాకించి, ఏది మోగిందో కాగితం మీద బొమ్మ గీసుకోండి. రెండు నిమిషాల పని, తర్వాత రెండు గంటలు మిగులుతయ్.

2. వైరుకు పిన్ను మూతను ముందే తొడగండి. హీట్ ష్రింక్ ముక్కలు కూడా ఇప్పుడే. ఇది ప్రత్యేకంగ ఒక స్టెప్పుగ ఎందుకు రాసిన్నంటే, మూడు వైర్లు నీట్‌గ సోల్డర్ చేసి సంతోషపడి మూత బిగిద్దామని చూస్తే మూత టేబుల్ మీద ఉంటది. నాకు రెండు సార్లైంది. మళ్ళ విప్పి మళ్ళ వేడి చేస్తే పిన్ను లోపల ప్లాస్టిక్ కరుగుతది, పిన్ను పోయినట్టే.

3. వైరు కొసలు 4 ఎంఎం కంటె ఎక్కువ ఒలవకండి. పిన్ను లోపల జాగ శానా తక్కువ, పొడుగ్గ ఒలిస్తే మూత బిగించినప్పుడు ఒకదానికొకటి తాకుతయ్. మూడు కొసలకు ముందే లెడ్ పట్టించి పెట్టుకోండి, పిన్ను కాళ్ళకు కూడా ఒక్కొక్క బొట్టు పెట్టుకోండి.

4. సోల్డర్ చేసేటప్పుడు పిన్నును ఏదన్న 2.5 ఎంఎం సాకెట్‌ల గుచ్చి పెట్టండి. పిన్ను భాగాల మధ్యల ఉన్నది ప్లాస్టిక్, వేడికి మెత్తబడి కొన పక్కకు ఒరుగుతది, సాకెట్‌ల ఉంటే నిటారుగ ఉండిపోతది, వేడిని కూడా అదే గుంజుకుంటది. సాకెట్ లేకపోతే పట్టకారుతోని మొదలు కాడ పట్టుకోండి. కెమెరా సాకెట్‌ల గుచ్చి మాత్రం అస్సలు చేయకండి. ఐరన్ ఒక్కొక్క కాలు మీద రెండు సెకన్లు, మహా అంటే మూడు. అంటకపోతే ఐరన్ తీసి, చల్లారనిచ్చి, మళ్ళ పేస్ట్ పెట్టి చేయండి గాని అట్లనే నొక్కి పట్టుకోకండి.

నేను పెట్టుకున్న లెక్క: తెలుపు షటర్‌కు, ఎరుపు ఫోకస్‌కు, అల్లిన రాగి కామన్‌కు. మీరు ఏదన్న పెట్టుకోండి, కానీ కాగితం మీద రాసుకోండి.

5. డబ్బా తెరవకముందే మొదటి చెకింగ్. కేబుల్ రెండో కొసకు ఇంకా ఏం కలపలేదు కదా, ఇప్పుడు పిన్ను మూడు భాగాల మధ్యల బజర్ మోగొద్దు. కొనకు రింగుకు, రింగుకు మొదలుకు, కొనకు మొదలుకు, మూడు జతలూ చూడండి. ఆ తర్వాత కొన నుంచి తెల్ల వైరు కొసకు, రింగు నుంచి ఎర్ర వైరుకు, మొదలు నుంచి రాగికి మోగాలె. మోగేటప్పుడు వైరును పిన్ను దగ్గర అటు ఇటు వంచి చూడండి, ఆగి ఆగి మోగితే జాయింటు కచ్చాగ ఉంది, ఇప్పుడే మళ్ళ చేయండి.

6. డబ్బాకు రంధ్రాలు. ఫిల్మ్ డబ్బా మూతకు షటర్ బటన్, పక్కకు ఫోకస్ బటన్, ఇంకో పక్క టోగుల్, కింద కేబుల్ వచ్చే రంధ్రం. డ్రిల్ లేకపోతే ఐరన్ కొనతోని మెల్లగ గుచ్చొచ్చు, కిటికీ తెరిచి పెట్టుకోండి, పొగ మంచిది కాదు, ఆ తర్వాత ఐరన్ కొనను తడి స్పాంజికి తుడవండి. కేబుల్ రంధ్రంల నుంచి లోపలికి తెచ్చి లోపల ఒక ముడి వేయండి. ఎవరి కాలన్న తట్టుకొని గుంజినా ముడి ఆపుతది, జాయింట్ల మీద బరువు పడదు. ముడి వెయ్యని రిమోట్ ఒక్క జాతర కూడా ఉండదు.

7. లోపలి కనెక్షన్. రాగి వైరు నుంచి మూడు ముక్కలు తీసి రెండు బటన్లకు, టోగుల్‌కు ఒక్కొక్క కాలుకు కలపండి. ఫోకస్ బటన్ రెండో కాలుకు ఎరుపు. షటర్ బటన్ రెండో కాలుకు తెలుపు. టోగుల్ రెండో కాలుకు కూడా తెలుపే, అంటే టోగుల్ షటర్ బటన్‌కు పక్కపక్కన ఉన్నట్టు, ఆన్ చేసి వదిలేస్తే షటర్ బటన్ నొక్కి పట్టుకున్నట్టే లెక్క. ప్రతి జాయింటుకు హీట్ ష్రింక్ వేసి లైటర్‌తోని దూరం నుంచి వేడి చేయండి.

8. నికాన్ వాళ్ళు ఇది తప్పకుండ చదవండి. కెనాన్‌ల షటర్ వైరు ఒక్కటి కామన్‌కు తాకినా ఫోటో పడ్తది. నికాన్‌ల ఫోకస్ వైరు, షటర్ వైరు రెండూ ఒకేసారి తాకాలె. అంటే రెండు బటన్లూ కలిపి నొక్కాలె, బల్బ్ లాక్ చేస్తే ఫోకస్ కూడా పట్టుకొని కూసోవాలె. దీనికి చిన్న ఉపాయం, 1ఎన్4148 అనే సన్న డయోడ్ (కరెంటును ఒక్క దిక్కే పోనిచ్చేది) ఒకటి తెచ్చి, ఎర్ర వైరుకు తెల్ల వైరుకు మధ్యల పెట్టండి, డయోడ్ మీద నల్ల గీత ఉన్న వైపు తెలుపుకు అంటే షటర్‌కు రావాలె. ఇప్పుడు షటర్ నొక్కితే ఫోకస్ కూడా దానితోనే కలుస్తది, ఫోకస్ ఒక్కటే నొక్కితే మాత్రం షటర్ కలవది. గీత తిరగేసి పెడితే ఫోకస్ నొక్కంగనే ఫోటో పడ్తది, అట్ల అయితే డయోడ్ తిప్పండి, ఏం కాలిపోదు. డయోడ్ వద్దనుకుంటే ఒకేసారి రెండు సర్క్యూట్లు కలిపే డబుల్ స్విచ్ వాడొచ్చు.

9. ఆఖరి చెకింగ్, ఇంకా కెమెరాకు పెట్టలేదు. మీటర్ కడ్డీలు పిన్ను మీద పెట్టి చూడండి. ఏం నొక్కకుంటే ఏ జతా మోగొద్దు. ఫోకస్ నొక్కితే రింగు, మొదలు మోగాలె, వదిలితే ఆగాలె. షటర్ నొక్కితే కొన, మొదలు మోగాలె. టోగుల్ ఆన్ చేస్తే కూడా అదే జత. కొనకు రింగుకు మధ్యల ఒక్క బటన్ నొక్కినప్పుడు ఎప్పుడూ మోగొద్దు. ఈ ఐదూ పాసైతేనే కెమెరా దగ్గరికి పోండి.

మొదటిసారే చేస్తున్నరు, ఇంత వద్దు అనుకుంటే ఇంకో సులువు ఉంది. ఎరుపు తెలుపు రెండూ కలిపేసి ఒక్క బటన్ పెట్టండి. నొక్కితే ఫోకస్ షటర్ రెండూ ఒకేసారి కలుస్తయ్, లెన్స్ మాన్యువల్ ఫోకస్‌ల పెట్టుకుంటే కెనాన్, నికాన్ రెండిటికీ పనైతది. హాఫ్ ప్రెస్ ఉండదు, అంతే. రాత్రి ఫోటోలకు ఎట్లాగూ మాన్యువల్ ఫోకసే కాబట్టి ఇది తక్కువదేం కాదు.

డీసీ2, ఎన్3, సోనీ వాళ్ళకు

వైర్‌లెస్ ట్రిగ్గర్ల (దూరం నుంచి కెమెరాను కొట్టే పెట్టెలు) కోసం ఒక వైపు 2.5 ఎంఎం పిన్ను, ఇంకో వైపు కెమెరా పిన్ను ఉన్న చిన్న కేబుళ్ళు ఆన్‌లైన్‌ల అమ్ముతరు. మీ డబ్బాకు కేబుల్ బదులు 2.5 ఎంఎం సాకెట్ బిగించుకుంటే, ఏ కెమెరాకు ఆ కేబుల్ మార్చుకుంట పోవచ్చు. నేనిప్పుడు ఇట్లనే చేసుకున్న, దోస్తుల కెమెరాలకు కూడా ఒక్క డబ్బానే నడుస్తది. ఒక పెద్ద మోసం ఏందంటే ఎన్3 అన్న పేరు. కెనాన్ సొంత పేరుల ఎన్3 అంటే 5డీ, 6డీల సాకెట్. కొన్ని ట్రిగ్గర్ కంపెనీల లెక్కల మాత్రం ఎన్3 అంటే నికాన్ డీసీ2, కెనాన్ దాన్ని వాళ్ళు సీ3 అంటరు. పేరు చూసి ఆర్డర్ పెట్టకండి, కింద కెమెరా మోడళ్ళ లిస్టుల మీ మోడల్ ఉందా లేదా చూసి పెట్టండి.

లేదంటే చౌక వైర్ రిమోట్ కొని దాని కేబుల్ కోసి వాడుకోవచ్చు. అప్పుడు రంగులను నమ్మకండి, ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క రంగు పెడ్తది. కేబుల్‌ను కెమెరాకు పెట్టి కెమెరా ఆన్ చేసి, మూడు కొసలు విడివిడిగ ఉంచి, మీటర్ డీసీ వోల్టేజ్‌ల పెట్టి జతలు జతలుగ చూడండి. నల్ల కడ్డీ ఏ వైరు మీద ఉన్నప్పుడు మిగిలిన రెండింటి మీద వోల్టేజ్ చూపిస్తదో, నా దాంట్ల 3 వోల్టుల దగ్గర చూపించింది, అది కామన్. ఇప్పుడు మిగిలిన రెండింటిని ఒక్కొక్కటి కామన్‌కు తాకించండి, ఫోకస్ చేసింది ఫోకస్ వైరు, రెండోది షటర్. నికాన్ అయితే షటర్ వైరు ఒక్కటి తాకితే ఏం కాదు, రెండూ కలిపి తాకిస్తే క్లిక్ అంటది.

కెమెరాకు పెట్టి చూసుడు

కెమెరా ఆఫ్‌ల ఉన్నప్పుడే పిన్ను పెట్టండి. ఆన్ చేయంగనే దానంతట అది ఏం చేయొద్దు. లెన్స్ ఆటో ఫోకస్‌ల పెట్టి ఏదన్న గోడ గడియారం దిక్కు తిప్పి ఫోకస్ బటన్ నొక్కండి, బీప్ రావాలె. తర్వాత లెన్స్ మాన్యువల్ చేసి షటర్ నొక్కండి, ఒక్క ఫోటో పడాలె. ఆటో ఫోకస్‌ల పెట్టి షటర్ నొక్కితే ఫోకస్ దొరకక కెమెరా ఊకుంటది, అప్పుడు రిమోట్‌ది తప్పనుకొని మళ్ళ అంతా విప్పుతరు, అందుకే మాన్యువల్ అంటున్న. ఆఖరికి బల్బ్ పెట్టి టోగుల్ ఆన్ చేయండి, డీఎస్ఎల్ఆర్ అయితే అద్దం లేచిన చప్పుడు వస్తది, ఇరవై లెక్కపెట్టి ఆఫ్ చేయండి, ఫోటోల టైము ఇరవై చూపించాలె. రెండు మూడు సెకన్లకే మూసుకుంటే టోగుల్ జాయింటు వదులుగ ఉంది.

ఎక్కువ మంది చేసే తప్పులు

నాలుగు కాళ్ళ చిన్న బటన్, దాన్ని ట్యాక్ట్ స్విచ్ అంటరు, దాంతోని మోసపోయినంత ఇంక దేనితోని పోరు. నాలుగు కాళ్ళల్ల రెండు రెండు లోపల ఎప్పుడూ కలిసే ఉంటయ్. కలిసున్న జతకు వైర్లు పెడితే బటన్ నొక్కకున్నా నొక్కినట్టే. నా మొదటి రిమోట్ గట్లనే అయింది, కెమెరాకు పెట్టి ఆన్ చేయంగనే దానంతట అదే ఒక ఫోటో కొట్టింది, తర్వాత ఏది నొక్కినా ఉలుకు లేదు పలుకు లేదు. కెమెరానే పాడైందనుకొని ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది కూడా అడుక్కొచ్చిన కెమెరా. పొద్దుగాల మీటర్ పెట్టి చూస్తే బటన్ కాళ్ళు. ఎదురెదురు మూలల కాళ్ళు రెండు తీసుకోండి, ఐమూలగ, ఎట్ల తిప్పినా అది తప్పు పోదు.

పిన్ను ప్లాస్టిక్ బొడ్డు లావుగ ఉండి కెమెరా మూత అంచుకు తట్టుకొని పూర్తిగ లోపలికి పోకపోవుడు ఇంకోటి. అప్పుడు ఫోకస్ పని చేస్తది షటర్ చేయది, లేదంటే రెండూ ఆగి ఆగి చేస్తయ్. పిన్ను పోయినంక బయట లోహం కనపడ్తుంటే పూర్తిగ పోలేదన్నట్టు. బ్లేడుతోని బొడ్డు అంచు చెక్కండి, బలవంతంగ గుద్దకండి.

ఫోకస్, షటర్ తారుమారైతే ఫోకస్ బటన్‌కు ఫోటో పడ్తది, షటర్ బటన్‌కు బీప్ వస్తది. నష్టం లేదు, డబ్బాల ఎరుపు తెలుపు మార్చండి, పిన్ను ముట్టుకోకండి.

ఇగ ఇది మాత్రం గట్టిగ చెప్తున్న: ఆ సాకెట్‌లకు బయటి నుంచి ఎటువంటి కరెంటు పోవొద్దు. రిమోట్‌ల ఎల్ఈడీ పెడదాం, సెల్లు పెడదాం అని చూడకండి, కెమెరా కేబుల్‌ను ఫోన్‌కు గాని యాంప్లిఫైయర్‌కు గాని పెట్టి చూడకండి. స్విచ్ ఒక్కటే పెట్టినంత సేపు ఏ వైరు దేనికి తాకినా కెమెరాకు ఏం కాదు, బయటి వోల్టేజ్ పోతే బోర్డు మార్చాల్సి వస్తది. లెడ్ ముట్టుకున్న చేతులు కడుక్కోకుండ ఏం తినకండి, పిల్లలున్న ఇండ్లల్ల లెడ్ ముక్కలు ఊడ్చి పారెయ్యండి.

పొడుగు కేబుల్ కావాలంటే

నేను ఐదు మీటర్ల దాకా వేసి చూసిన, మంచిగనే పని చేసింది. డబ్బాకు 3.5 ఎంఎం సాకెట్ పెట్టి, 2.5 నుంచి 3.5కు మార్చే చిన్న స్టీరియో కేబుల్ వాడితే మధ్యల మామూలు ఆక్స్ ఎక్స్‌టెన్షన్ కేబుళ్ళు కలుపుకోవచ్చు, అవి ఎక్కడన్న దొరుకుతయ్. పిట్టల ఫోటోలకు ఇది మస్తు పనికొస్తది, భద్రకాళి చెరువు గట్టు మీద ట్రైపాడ్ పెట్టి మీరు చెట్టు వెనక కూసోవచ్చు.

టోగుల్ అసలు పని

బల్బ్ కంటె నేను టోగుల్‌ను ఎక్కువ వాడేది ఇట్ల: మోడ్ ఎం (మాన్యువల్)ల షటర్ టైము 30 సెకన్లు, డ్రైవ్ కంటిన్యూయస్‌ల పెట్టి టోగుల్ ఆన్ చేసి వదిలేస్తే కెమెరా ఒకటెనక ఒకటి ఫోటోలు తీస్తనే ఉంటది, గంటకు నూట ఇరవైకి జర తక్కువ. వాటిని కంప్యూటర్‌ల కలిపితే స్టార్ ట్రెయిల్. వరంగల్ దాదాపు 18 డిగ్రీల అక్షాంశంల ఉంది కాబట్టి ధ్రువ నక్షత్రం ఉత్తరం దిక్కు నేల నుంచి 18 డిగ్రీల ఎత్తుల ఉంటది, చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే పది డిగ్రీలు అనుకోండి, రెండు పిడికిళ్ళకు జర తక్కువ. అంత కిందికి ఉంటది కాబట్టి ఉత్తరం వైపు ఊరి లైట్లు లేని జాగ కావాలె. పాకాల, లక్నవరం చెరువుల దిక్కు చీకటి మంచిగుంటది.

ఉరుములు మెరుపులప్పుడు కూడా ఇదే సెట్టింగ్, 30కి బదులు 10 సెకన్లు పెట్టండి. కానీ చెరువు కట్ట మీద, మేడ మీద ట్రైపాడ్ పట్టుకొని నిలబడకండి. కెమెరా కిటికీ లోపల పెట్టి, టోగుల్ ఆన్ చేసి, మీరు ఇంట్ల కూసోండి, రిమోట్ ఉన్నది దానికే.

చలికాలం రాత్రులు రెండు గంటలు దాటితే లెన్స్ మీద తేమ పడ్తది, ప్రతి అరగంటకు టార్చ్ పక్క నుంచి కొట్టి అద్దం చూడండి. అయిపోయినంక ముందు టోగుల్ ఆఫ్, తర్వాత కెమెరా ఆఫ్, ఆఖరికి పిన్ను తీయండి. టోగుల్ ఆన్‌ల మర్చిపోయి బ్యాగుల పెట్టి, మళ్ళసారి కెమెరాకు పెట్టంగనే టకటక ఫోటోలు పడ్తుంటే రిమోట్ పాడైందనుకొని విప్పకండి, టోగుల్ చూడండి. నేను టోగుల్ ఆఫ్ దిక్కుకు నెయిల్ పాలిష్‌తోని ఎర్ర చుక్క పెట్టుకున్న, ఫిల్మ్ డబ్బా నల్లగ ఉంటది కదా, టార్చ్ వెలుగుల మంచిగ కనపడ్తది.